సెషన్ రేటు లోపల ఏముంది: ప్రాప్ బెట్లను కాగితం మీద లెక్కగట్టే పద్ధతి

ఇండియా గెలుస్తుందా, ఆస్ట్రేలియా గెలుస్తుందా అన్న పందెం అర్థం కావడానికి ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోనక్కర్లేదు. కానీ ఐపీఎల్ రోజుల్లో బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో టీ దుకాణం ముందు కాసేపు నిలబడితే చెవిన పడేది ఆ పందెం కాదు. "ఆరు ఓవర్లకు నలభై ఎనిమిది, యాభై." "ఈ ఓవర్లో సిక్స్ ఉందా?" "వీడు ముప్పై కొడతాడా?" మ్యాచ్ ఎవరు గెలిచినా సరే, మధ్యలో జరిగే ఒక చిన్న సంగతి మీద కాసే పందేలివి. బయటి దేశాల్లో వీటిని ప్రాప్ బెట్లు అంటారు. మన వైపు సెషన్ అనీ ఫ్యాన్సీ అనీ వినిపించేవన్నీ ఈ కుటుంబానివే.

లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ని కాబట్టి ఈ రేట్ల వెనకున్న కూడికలూ భాగహారాలూ విప్పి చూపడం నాకు తేలిక. డిగ్రీ చదువు అవసరం లేదు. శాతం తీయడం వస్తే చాలు. ఒక్క విషయం మొదటే మనసులో పెట్టుకోండి: మామూలు పందెంలో ప్రశ్న ఆటే వేస్తుంది, ఎవరు గెలిచారన్నదానికి జవాబూ ఆటే చెబుతుంది. ప్రాప్ బెట్‌లో ప్రశ్న వేసేదీ, గెలుపోటములు ఏ అంకె దగ్గర విడిపోతాయో గీత గీసేదీ, చివర్లో తీర్పు చెప్పేదీ బుకీయే. అందుకే ఆటగాడి ఫామ్ గురించి ఆలోచించే ముందు ప్రశ్నను చదవాలి.

1. పందెం ఏ జాతిదో పోల్చుకోండి

ఆటగాడి మీద కాసేవి ఒక జాతి: బ్యాటర్ ఎన్ని పరుగులు చేస్తాడు, బౌలర్ ఎన్ని వికెట్లు తీస్తాడు, ఫుట్‌బాల్‌లో ఎవరికి పసుపు కార్డు పడుతుంది. జట్టు మీద కాసేవి ఇంకొకటి: మొదటి ఆరు ఓవర్ల స్కోరు, పది ఓవర్ల స్కోరు, ఇన్నింగ్స్ మొత్తం స్కోరు. ఆఖరుదాన్నే బుకీలు లంబీ అంటారు. మూడోది సంఘటనల మీద: టాస్ ఎవరిది, మొదటి వికెట్ ఎలా పడుతుంది. ఇక నాలుగో జాతికి ఆటతోనే పని లేదు. అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ వచ్చిందంటే జాతీయ గీతం ఎన్ని సెకన్లు సాగుతుంది, గెలిచిన కోచ్ నెత్తిన ఆటగాళ్లు కుమ్మరించే పానీయం ఏ రంగులో ఉంటుంది అన్న వాటి మీదా పందేలు నడుస్తాయి.

ఈ వ్యాపారం ఇంత పెరగడానికి ఒక లావాటి మనిషి కారణమని చెబుతారు. 1986 జనవరి 26న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో షికాగో బేర్స్ తరఫున విలియం పెర్రీ ఆడాడు. ముద్దుపేరు రిఫ్రిజిరేటర్. అతని స్థానం రక్షణ వరుసలో; పాయింట్లు చేయడం అతని పని కాదు. అతను టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి ఆఖరి గీత దాటించి పాయింట్లు తేవడం) చేస్తాడా అన్న ప్రశ్న మీద లాస్ వేగాస్‌లో ఒకటికి ఇరవై రేటు పెట్టారు. జనం సరదాగా ఎగబడ్డారు. రేటు దిగి దిగి ఒకటికి రెండు దాకా వచ్చింది. అతను నిజంగానే టచ్‌డౌన్ చేశాడు, బుకీలకు చేతి చమురు వదిలింది. అయితే ఫలితం మీద ఆసక్తి లేనివాడు కూడా ఇలాంటి వింత ప్రశ్న మీద డబ్బు పెడతాడని వాళ్లకు ఆ రోజు తెలిసొచ్చింది. తర్వాత సంపాదించిన దానితో పోలిస్తే ఆ నష్టం ఏపాటిది!

2. సరిహద్దు దాటితే చెల్లుతుందన్న మాట నమ్మకండి

ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం దాటి ఒడిశా వైపు బరంపురం వస్తే, పాతపట్నం నుంచి పర్లాకిమిడి వస్తే చట్టం మారిపోతుందని చెప్పేవాళ్లు ఇక్కడ కొల్లలు. అటువాళ్లు ఇటు చూపిస్తారు, ఇటువాళ్లు అటు చూపిస్తారు. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం అమల్లో ఉంది. చాలా రాష్ట్రాల చట్టాలు నైపుణ్యంతో ఆడే ఆటలకు మినహాయింపు ఇచ్చాయి. ఒడిశా చట్టంలో అదీ లేదు. దేశమంతా ఫాంటసీ క్రికెట్ ఊగిపోయిన రోజుల్లోనూ పెద్ద యాప్‌లు డబ్బు పోటీల్లో ఒడిశావాళ్లను చేర్చుకోకపోవడానికి కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి తన చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చింది.

వీటన్నిటి మీద 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆ నెల 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా ఎవరూ నడపకూడదని ఆ చట్టం చెబుతుంది. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆడినవాడికి అందులో శిక్ష లేదు. కానీ రాష్ట్ర చట్టాలు ఆడినవాణ్నీ వదలవు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన డబ్బు బుకీ ఇవ్వనంటే దావా వేయడానికి దారి లేదు. ప్రశ్న వేసినవాడే తీర్పరి అని పైన చెప్పాను కదా, ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదన్నమాట. ఇటు కుమార పూర్ణిమకు పేకలు, అటు సంక్రాంతికి కోళ్లు. పండగ పేరు చెబితే పందేనికి మడి వస్తుందన్న నమ్మకం రెండు వైపులా ఒకటే. పోలీసులకు మాత్రం ఆ నమ్మకం లేదు.

కాబట్టి ఇకపై వచ్చే లెక్కలన్నీ నోటుబుక్కులో వేసుకోవడానికే.

3. ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి

ఒక బంతిని ఊహించుకోండి. ఐదో ఓవర్. బంతి లెగ్ స్టంప్ బయట పడి, బ్యాటుకు గానీ ప్యాడుకు గానీ తగలకుండా కీపర్ చేతి కింద నుంచి జారి బౌండరీ చేరింది. అంపైర్ ఒక చెయ్యి పైకెత్తి బై అని చూపాడు, తర్వాత చెయ్యి అడ్డంగా ఊపి నాలుగు అని చూపాడు. జట్టు స్కోరు నాలుగు పెరిగింది. బ్యాటర్ ఖాతాలో ఒక్క పరుగూ పడలేదు. బౌలర్ ఇచ్చిన పరుగుల్లోనూ అవి చేరవు. ఆరు ఓవర్ల సెషన్ కాసినవాడికి ఆ నాలుగు ప్రాణం పోస్తే, అదే బంతి మీద బ్యాటర్ పరుగులకు కాసినవాడికి ఏమీ రాలేదు. మరి "ఈ ఓవర్లో బౌండరీ ఉంటుందా" అని కాసినవాడి సంగతి? బ్యాటు నుంచి వచ్చిన బౌండరీలే లెక్క అని కొన్ని చోట్ల, తాడు తాకితే చాలని కొన్ని చోట్ల. అదే బంతి వైడ్‌గా వెళ్లి తాడు తాకి ఉంటే ఐదు పరుగులూ బౌలర్ ఖాతాలో పడేవి. ఒకే బంతికి ఇన్ని జవాబులు.

ప్రశ్న చూసినప్పుడల్లా ఇవి అడిగి రాసుకోండి: ఎక్స్‌ట్రాలు కలుస్తాయా? ఆటగాడు తుది జట్టులో లేకపోతే డబ్బు వెనక్కి వస్తుందా? అతను దెబ్బ తగిలి మధ్యలో వెళ్లిపోతే అక్కడి దాకా చేసిన పరుగులే లెక్కా? వానకు ఓవర్లు తగ్గితే పందెం రద్దా, కొనసాగుతుందా? సూపర్ ఓవర్ పరుగులు కలుపుతారా? ఇద్దరు సమానంగా ఎక్కువ పరుగులు చేస్తే "టాప్ స్కోరర్" పందెం సగానికి సగం చీలుతుందా? 2025 ఫిబ్రవరి 9న కటక్ బారాబటి స్టేడియంలో ఇంగ్లండ్‌తో వన్డే ఆడుతున్నప్పుడు ఫ్లడ్‌లైట్లు ఆరిపోయి ఆట ఆగింది. వాన రాకపోయినా మ్యాచ్ ఆగవచ్చని మన రాష్ట్రంలోనే చూశాం. ముందే రాసి ఉన్న నియమం లేకపోతే అలాంటి వేళ ఏది న్యాయమో బుకీ నోటి మాటే చెబుతుంది.

4. రేటును శాతంలోకి మార్చండి

మన వైపు మ్యాచ్ రేటు రెండు అంకెల్లో చెబుతారు. ఇండియా 60-62 అన్నారనుకుందాం. ఇండియా మీద రూపాయి పెడితే గెలుపు 60 పైసలు. ఇండియాకు వ్యతిరేకంగా కాయాలంటే రూపాయి గెలవడానికి 62 పైసలు పెట్టాలి. శాతం తీయడానికి సూత్రం ఒక్కటే: మీరు పెట్టేదాన్ని, మీరు పెట్టేదీ గెలిచేదీ కలిపిన మొత్తంతో భాగించండి. మొదటి వైపు 100 ÷ 160, అంటే 62.5 శాతం. రెండో వైపు 62 ÷ 162, అంటే 38.3 శాతం. రెండూ కలిపితే 100.8. నిజమైన అవకాశాలు ఎప్పుడూ 100కే కూడాలి. పైన మిగిలిన ఆ 0.8 బుకీ వాటా.

ఇప్పుడు ఒక యాప్‌లో "బ్యాటర్ 24.5 పరుగుల కంటే ఎక్కువ" 1.85, "తక్కువ" కూడా 1.85 అని ఉందనుకోండి. ఈ పద్ధతిలో 1.85 అంటే పెట్టిన రూపాయితో కలిపి తిరిగొచ్చేది. 100 ÷ 1.85 అంటే 54.05. రెండు వైపులా కలిపితే 108.1. మ్యాచ్ రేటులో పైసల్లో ఉన్న వాటా ఇక్కడ ఎనిమిది దాటింది.

ఎంపికలు పెరిగేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. మొదటి వికెట్ ఎలా పడుతుంది అన్న ప్రశ్నకు క్యాచ్ 1.45, బౌల్డ్ 4.50, ఎల్బీడబ్ల్యూ 8, రనౌట్ 15, స్టంపింగ్ 26, ఇంకేదైనా 67 అని రేట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాన్నీ శాతంలోకి మార్చి కూడండి: 69.0, 22.2, 12.5, 6.7, 3.8, 1.5. మొత్తం 115.7. "స్టంపింగ్‌కు ఒకటికి ఇరవై అయిదు ఇస్తున్నాడు" అని కళ్లు మెరిసేవాళ్లకు ఈ కూడిక చేసి చూపండి. ఆశ పుట్టించే పెద్ద అంకె దగ్గరే వాటా ఎక్కువగా దాక్కుంటుంది.

5. సెషన్‌లో నడిమి అంకెలు ఎవరివో చూడండి

యాప్ రేటులో వాటా కనీసం కూడికకు దొరుకుతుంది. బజారు సెషన్‌లో అదీ దొరకదు. రూపాయికి రూపాయి కాబట్టి సమానమే అనిపిస్తుంది. ఆరు ఓవర్లకు "48-50" అన్నాడు. ఎస్ అంటే 50 వస్తాయని కాస్తున్నారు. 50 లేదా పైన వస్తే గెలుపు. నో అంటే 48 రావని కాస్తున్నారు. 47 లేదా కింద ఆగితే గెలుపు. మరి స్కోరు సరిగ్గా 48 దగ్గరో 49 దగ్గరో ఆగితే? ఎస్ అన్నవాడూ ఓడాడు, నో అన్నవాడూ ఓడాడు. ఇద్దరి డబ్బూ ఒకే జేబులోకి.

ఆరు ఓవర్ల స్కోరు చాలావరకు 30కీ 70కీ మధ్య ఎక్కడో ఆగుతుంది. నడిమధ్య ఉన్న ఒక్కో అంకెకు నూటికి మూడు చొప్పున అవకాశం ఉందనుకుందాం. 48, 49 కలిపి ఆరు. మిగిలిన 94ను రెండు వైపులా పంచితే ఒక్కొక్కరికి 47. నూరు సార్లు నూరేసి రూపాయలు కాస్తే 47 సార్లు నూరు వస్తుంది, 53 సార్లు నూరు పోతుంది. అంటే పందెం కాసిన ప్రతి నూరులో ఆరు రూపాయలు బుకీకి చేరాయి. మ్యాచ్ రేటులో బుకీ వాటా 0.8 అన్నది గుర్తుంచుకుని ఈ ఆరును చూడండి. సెషన్ అంటే బుకీలకు ఎందుకంత ముద్దో అర్థమవుతుంది. అంకెల మధ్య ఎడం ఒకటే ఉంటే ఈ వాటా సగమవుతుంది. వికెట్ పడిన గందరగోళంలో ఎడం మూడు నాలుగుకు పెరిగితే దాని కథ వేరు.

6. సగటును నమ్మే ముందు స్కోర్లను వరుసలో నిలబెట్టండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. క్రికెట్ బాగా తెలిసినవాళ్లే ఎక్కువగా పడేది ఇక్కడే.

"మాస్టారూ, వాడి యావరేజ్ ముప్పై. గీత ఇరవై నాలుగున్నర దగ్గర పెట్టారు. ఎక్కువ వైపు కాయకపోతే పిచ్చివాళ్లమే కదండీ?" అని అడిగే కుర్రాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. జవాబుగా ఒక ఊహాత్మక బ్యాటర్ పది ఇన్నింగ్స్ రాస్తాను: 12, 67, 0, 23, 4, 96, 18, 31, 7, 42. కూడితే 300, పదిసార్లూ ఔటయ్యాడనుకుంటే సగటు సరిగ్గా 30. ఇప్పుడు చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా నిలబెట్టండి: 0, 4, 7, 12, 18, 23, 31, 42, 67, 96. గీత 24.5 దాటినవి ఎన్ని? నాలుగు. దాటనివి ఆరు. సగటు 30 ఉన్నవాడు పదింట ఆరుసార్లు 25 కూడా చేయలేదు.

కారణం తేలిక. బ్యాటర్ స్కోరు సున్నా కంటే కిందికి పోదు, పైకి మాత్రం ఎంతైనా పోవచ్చు. ఆ 67, 96 రెండే కలిసి సగానికి పైగా పరుగులు చేసి సగటును పైకి లాగాయి. పందేనికి మాత్రం 96 చేసినా 31 చేసినా ఒకటే. గీత దాటితే చాలు. అందుకే సగటు వదిలేసి వరుసలో నడిమి స్కోరును చూడాలి. ఇక్కడ ఐదో స్కోరు 18, ఆరోది 23, నడిమి 20.5. తెలిసిన బుకీ గీత మొదలుపెట్టేది అక్కడ.

4 ÷ 10 ని 1.85తో గుణిస్తే 0.74. "ఎక్కువ" వైపు పెట్టిన రూపాయికి 74 పైసలు తిరిగొస్తున్నాయి. మరి "తక్కువ" వైపు కాస్తే లాభమే కదా అని చురుకైనవాడు వెంటనే అడుగుతాడు. కాగితం మీద అవును, 0.6 × 1.85 అంటే 1.11. కానీ జనానికి పరుగులు చూడటం ఇష్టం, ఎప్పుడూ "ఎక్కువ" వైపే మొగ్గుతారు. ఆ సంగతి బుకీకి తెలుసు కాబట్టి గీతను పైకి జరిపిన రోజే "తక్కువ" రేటును 1.60కి కుదిస్తాడు. 0.6 × 1.60 అంటే 96 పైసలు. అటు వెళ్లినా నష్టమే, కాకపోతే నెమ్మదిగా.

నాటౌట్‌లు ఇంకొక చిక్కు. క్రికెట్ సగటును ఇన్నింగ్స్‌తో కాకుండా ఔటైన సార్లతో భాగిస్తారు. ధోనీ వన్డేల్లో 297 ఇన్నింగ్స్‌లో 10,773 పరుగులు చేశాడు, 84 సార్లు నాటౌట్‌గా మిగిలాడు. అందుకే సగటు 50.57. అదే పరుగులను 297తో భాగిస్తే 36 చిల్లర. అతని గొప్పతనానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు; ఛేజింగ్‌లో నిలబడి ముగించేవాడి సగటు అలాగే ఉండాలి. అయితే "ఈ రోజు ఎన్ని కొడతాడు" అన్న ప్రశ్నకు 50 అనే అంకె జవాబు కాదు.

ఫామ్ మాటా అంతే. బారాబటిలో ఫ్లడ్‌లైట్లు ఆరిన ఆ మ్యాచ్‌లోనే రోహిత్ శర్మ 90 బంతుల్లో 119 కొట్టాడు. అంతకు ముందు నెలల్లో అతని బ్యాటు పలకక విమర్శలు కురిశాయి. ఐదారు ఇన్నింగ్స్ చూసి గీయగలిగిన గీత ఏదీ లేదు. ఫామ్ కంటే పనికొచ్చే ప్రశ్న, అతనికి ఎన్ని బంతులు దొరుకుతాయి? టీ20లో ఓపెనర్‌కు 120 బంతులూ ముందుంటాయి, ఐదో స్థానంలో వచ్చేవాడికి మిగిలినన్ని. బ్యాటింగ్ వరుస మారిందన్న వార్త టాస్ తర్వాత వచ్చిందంటే అంతకు ముందు వేసిన లెక్కంతా చెత్తబుట్టలోకి.

7. వికెట్ల ప్రశ్నకు ఒక చిన్న పట్టిక

టీ20లో బౌలర్‌కు నాలుగు ఓవర్లే. మ్యాచ్‌కు సగటున 1.2 వికెట్లు తీసేవాడికి పాయిజాన్ సూత్రం (సగటు తెలిస్తే ఎన్నిసార్లు జరుగుతుందో అంచనా వేసే లెక్క) ప్రకారం అసలు వికెట్ పడని రోజులు నూటికి 30, ఒకటే పడేవి 36, రెండు లేదా పైన పడేవి 34. "రెండు తీస్తాడు" అన్నదానికి న్యాయమైన రేటు సుమారు 2.96. యాప్ 2.50 చూపిస్తే రూపాయికి 16 పైసలు పోతున్నాయి. మంచి బౌలర్ కదా అన్న గౌరవానికి మీరు కడుతున్న రుసుము అది.

8. నాలుగు కలిపి కాసేవాటిని విడదీయండి

"నాలుగూ నిజమైతే పదకొండు రెట్లు" అన్న పందేలే యాప్‌లలో అన్నిటికంటే ఎర్రగా మెరుస్తాయి. నాలుగు సమాన అవకాశాల ప్రశ్నలు, ఒక్కోదానికి 1.85. నాలుగుసార్లు గుణిస్తే 11.71. నిజమైన అవకాశం పదహారింట ఒకటి. న్యాయంగా 16 రావాలి. ఒక్కో ప్రశ్నలో నూటికి ఏడున్నర రూపాయలుగా ఉన్న కోత నాలుగు మెట్లు దిగేసరికి నూటికి 27 అయింది. ఒకే మ్యాచ్‌లోని ప్రశ్నలైతే ఇంకో మెలిక ఉంది: ఓపెనర్ 60 కొట్టిన రోజు జట్టు స్కోరు కూడా పెద్దదిగానే ఉంటుంది. ఒకటి నిజమైతే రెండోది సగం నిజమైనట్టే. ఆ బంధం బుకీ కంప్యూటర్‌కు తెలుసు, రేటును ముందే తగ్గించి చూపిస్తుంది.

9. జవాబు ఎవరి చేతిలో ఉందో అడగండి

మ్యాచ్‌ను ఓడించాలంటే చాలామంది కలవాలి. ఒక నో బాల్ వేయడానికి ఒక్కడు చాలు. ప్రాప్ బెట్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఇదే.

2010 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ బౌలర్లు మహ్మద్ ఆమిర్, మహ్మద్ ఆసిఫ్ ముందే చెప్పిన బంతులకు గీత దాటి కాలు వేశారు. కెప్టెన్ సల్మాన్ బట్ కూడా అందులో భాగస్వామి. మధ్యవర్తి మజర్ మజీద్, బుకీ మనిషిలా నటించిన విలేఖరి దగ్గర 1,50,000 పౌండ్లు తీసుకుంటూ కెమెరాకు చిక్కాడు. 2011 నవంబరులో లండన్ కోర్టు నలుగురినీ జైలుకు పంపింది. 2013 ఐపీఎల్‌లో ఒక ఓవర్లో ఇన్ని పరుగులు ఇస్తానని బౌలర్లు ఒప్పుకున్నారని, నడుముకు తువ్వాలు దోపుకోవడం దానికి సైగ అని ఢిల్లీ పోలీసులు శ్రీశాంత్ తదితరుల మీద కేసు పెట్టారు. 2015లో కోర్టు ఆ కేసు నుంచి వారిని విడిచిపెట్టింది. బోర్డు శ్రీశాంత్‌కు వేసిన జీవితకాల నిషేధం తర్వాత ఏడేళ్లకు తగ్గింది. అమెరికా బాస్కెట్‌బాల్‌లో జాంటే పోర్టర్ తన పాయింట్లు తక్కువ ఉంటాయని కాసినవాళ్లకు గెలుపు వచ్చేలా ఆట మధ్యలో తప్పుకున్నాడని తేలి 2024లో జీవితకాలం బహిష్కృతుడయ్యాడు.

నవ్వొచ్చేది కూడా ఒకటుంది. 2017లో ఇంగ్లండ్‌లో సటన్ యునైటెడ్ అనే చిన్న ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్‌తో ఆడింది. సటన్ రిజర్వ్ గోల్‌కీపర్ వేన్ షా కెమెరా ముందు "పై" అనే తినుబండారం తింటాడా అని ఒక బెట్టింగ్ సంస్థ ఒకటికి ఎనిమిది రేటు పెట్టింది. అతను బెంచీ దగ్గర నిలబడి చక్కగా తినేశాడు. రెండు నెలల నిషేధం, 375 పౌండ్ల జరిమానా పడ్డాయి. పందెం ఎంత పిచ్చిదైనా జవాబు తెలిసినవాడు ఎక్కడో ఒకడు ఉంటాడనడానికి ఇంతకంటే రుచికరమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

10. ఆలస్యం, చిట్కాలు

పర్లాకిమిడిలో పక్కపక్కనే రెండు దుకాణాలు ఉంటే గమనించండి. డిష్ టీవీ ఉన్న కొట్టులో "సిక్స్!" అని కేక పడ్డాక, పక్క కొట్టులో ఫోన్ చూస్తున్నవాడి తెరమీద బౌలర్ ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు. ఆ టీవీ కంటే మైదానంలో కూర్చున్నవాడు ముందు. బంతి బంతికీ కాసే పందేలలో ఈ ఆలస్యమే పెట్టుబడి. ఫోన్ చూసి కాసేవాడు అందరికంటే చివర నిలబడ్డాడు.

ఇక "పక్కా రిపోర్టు" అమ్మే టెలిగ్రామ్ గుంపులు. 64 మందిని చేర్చి సగంమందికి ఎస్ అనీ సగంమందికి నో అనీ పంపితే, మొదటి మ్యాచ్ తర్వాత 32 మంది నమ్ముతారు. తర్వాత ఆ 32 మందికే మళ్లీ అదే. నాలుగు మ్యాచ్‌లకు నలుగురు మిగులుతారు, ఒక్క చిట్కా కూడా తప్పని మహానుభావుణ్ని చూశామన్న నమ్మకంతో. ఐదో మ్యాచ్ రిపోర్టుకు డబ్బు అడిగేది ఆ నలుగురినే.

11. నోటుబుక్కు పరీక్ష

డబ్బు పెట్టకుండా ఈ లెక్క నిజమో కాదో తేల్చుకోవచ్చు. ఐదు గడులు గీయండి: ప్రశ్న, గీత, రేటును మార్చిన శాతం, ఓవర్ మొదలవకముందే మీరు రాసుకున్న సొంత అంచనా శాతం, చివర ఫలితం. అంచనా ముందే రాయాలి. తర్వాత రాస్తే అందరూ మేధావులే. 1.85 రేటుకు అసలు నిలబడాలంటే నూటికి 54కు పైగా నెగ్గాలి. అయితే వంద పందేలకు 57 నెగ్గారని పొంగిపోకండి. బొమ్మ బొరుసు వేసి కాసేవాళ్లు పదిమంది ఉంటే అందులో ఒకరికి 57 లేదా పైన వచ్చే అవకాశం ఉంది. ప్రతి పేటలోనూ ఒక "సెషన్ పండితుడు" తయారవడానికి ఇంతకు మించి రహస్యం లేదు. మిగతా తొమ్మిదిమంది తమ లెక్క బయట చెప్పుకోరు. ఒక సీజనంతా రాసి, 60 శాతం అనుకున్నవి నిజంగా నూటికి 60 జరిగాయో లేదో చూడండి. నేను చూసిన నోటుబుక్కుల్లో 60 అనుకున్నవి 50కి దగ్గరగా తేలడమే ఎక్కువ.

12. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని ఉంటే

బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడండి. బెట్టింగ్ యాప్‌కు వెళ్లిన డబ్బు సంస్థ పేరు మీద కనబడదు. ముక్కూ మొహం తెలియని వ్యక్తుల ఖాతాలకు రోజుకొక పేరుతో యూపీఐ చెల్లింపులు కనబడతాయి. అవి అద్దెకు తీసుకున్న ఖాతాలు. వాటిలో ఒకదాని మీద సైబర్ ఫిర్యాదు పడితే దానితో లావాదేవీ చేసిన మీ ఖాతా కూడా స్తంభించవచ్చు. "నీ పాస్‌బుక్కు, సిమ్ము ఇస్తే నెలనెలా కమీషన్ ఇస్తాం" అని కాలేజీ పిల్లల దగ్గరకు వచ్చేవాళ్లు అడుగుతున్నది ఇలాంటి ఖాతానే. పందెం కాసినవాడి కంటే ఖాతా ఇచ్చినవాడే ముందు స్టేషన్ మెట్లు ఎక్కుతాడు.

డబ్బు మోసంగా పోయిందనుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆపుకోలేకపోతున్నానని మనిషి తనే చెబితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. అప్పులిచ్చినవాళ్ల పేర్లు, మొత్తాలు, తేదీలు ఒక కాగితం మీద రాయించి, యూపీఐ పరిమితిని బ్యాంకు యాప్‌లో తగ్గించి పెట్టండి. పరిమితి తగ్గించడానికి రెండు నిమిషాలు పడుతుంది. అప్పుల జాబితా మాత్రం ఒక్క కూర్చోవడంలో పూర్తి కాదు. మొదటి రోజు చెప్పిన మొత్తానికి మూడో రోజు ఇంకో రెండు పేర్లు చేరతాయి, కాబట్టి కింద ఖాళీ వదిలి రాయించండి.